రెక్కకింత, నిప్పుకింత

డ్రాగన్‌ని ఊహించేవాళ్లకి ముందుగా తోచేది నిప్పు. తర్వాత రెక్కలు, ఆ తర్వాత గోళ్లూ పొలుసులూ. దాని ఆకలి ఎవరికీ గుర్తు రాదు. దాని బరువు ఎవరూ తూచరు. నిప్పు కక్కిన మర్నాడు ఆ గొంతు ఎలా ఉంటుందని అడిగేవాళ్లు ఉండరు. పురాణంలో జంతువైతే అడగక్కర్లేదు కూడా. కానీ ఎవరో ఒక మనిషి ప్రయోగశాలలో కూర్చుని, జన్యువుల్ని కత్తిరించి అతికించి ఆ జంతువుని పుట్టించాడని కథలో రాసిన క్షణం నుంచి ఈ ప్రశ్నలన్నీ రచయిత మీద పడతాయి. ఆ ఒళ్లు దానికి ఒకరు ఎంచి ఇచ్చినది. ఏ ఎముక ఎందుకంత పొడుగుందో, ఏ కండ ఎందుకంత బలిసిందో చెప్పాల్సిన పూచీ ఇచ్చినవాడిది.

ఈ ఆలోచన నన్ను పట్టుకోడానికి కారణం మా అన్నయ్య కూతురు. ఇంటర్ బైపీసీ చదువుతూ, తీరిక దొరికితే నవల రాసుకుంటోంది. విశాఖలో యారాడ కొండ మీద ఒక రహస్య ప్రయోగశాల, అందులో పుట్టిన డ్రాగన్లు, అవి హార్బరుకి కాపలా కాయడం. అదీ కథ. నోటుపుస్తకం చివరి పేజీలో బొమ్మ కూడా వేసింది. నాలుగు బలమైన కాళ్లు, వీపు మీంచి లేచిన రెండు రెక్కలు, మెడ చుట్టూ ముళ్లు, నోట్లోంచి మంట. పక్కన బాణం గుర్తులు పెట్టి కొలతలు రాసింది: పొడవు యాభై అడుగులు, బరువు రెండు టన్నులు, రంగు నీలం కలిసిన ఆకుపచ్చ. "అత్తా, ఇందులో కుదరనివి ఏటున్నాయో ఇప్పుడే చెప్పెయ్" అంది.

ఆ వయసులో ఒక జీవిని కొలతలతో సహా ఊహించడం చిన్న విషయం కాదు. ఇలాంటి జంతువులు మన పిల్లల ఊహల్లోకి కొత్తగా వచ్చినవీ కావు. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారు 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ' లాంటి సీరియళ్లు రాస్తుంటే, వాటికి చిత్రా గారు వేసిన బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. చిత్రా గారు వేసిన జంతువు ఎంత వింతదైనా, దాని పాదం నేల మీద ఆనిన తీరు చూస్తే ఒంటి బరువు తెలిసేది. మా పిల్ల బొమ్మలో లేనిది అదొక్కటే. అందుకని బొమ్మ జోలికి పోకుండా ఆమెకి హాల్డేన్ గారి సంగతి చెప్పాను.

జె.బి.ఎస్. హాల్డేన్. పరిణామానికీ జన్యుశాస్త్రానికీ గణితంతో ముడి వేసిన ముగ్గురు పెద్దల్లో ఒకరు. ఇంగ్లండులో పుట్టి పెరిగిన మనిషి. 1957లో మహలనోబిస్ పిలుపు మీద కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, ఈ దేశపు పౌరసత్వం తీసుకుని, 1962లో భువనేశ్వర్‌లో స్థిరపడ్డారు. 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశారు. తన దేహం వైద్య విద్యార్థుల చదువుకి పనికిరావాలన్నది ఆయన కోరిక. దాని ప్రకారం ఆ దేహాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి తెచ్చారు. విశాఖలో మేముండే మల్కాపురం నుంచి నూటయాభై కిలోమీటర్లు ఉంటుందేమో. ప్రపంచంలో జంతువుల సైజు గురించి అందరికన్నా తేటగా రాసిన మనిషి చివరికి తన ఒంటినే పాఠంగా ఇచ్చి వెళ్లింది మన తీరానికి. ఈ సంగతి తెలుగువాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1926లో ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. ప్రతి జంతువుకీ తనకి తగిన పరిమాణం ఒకటుంటుందనీ, పరిమాణం మారితే రూపం మారక తప్పదనీ దాని సారాంశం. కథల్లోని అరవై అడుగుల రాక్షసుణ్ణి తీసుకుని లెక్క కట్టారు. మనిషికి పదింతల ఎత్తు, పదింతల వెడల్పు, పదింతల మందం. అంటే బరువు వెయ్యింతలు. కానీ తొడ ఎముక అడ్డుకోత వందింతలే పెరుగుతుంది. ఎముకలో ప్రతి చదరపు అంగుళం మీదా పదింతల భారం. ఆ రాక్షసుడు అడుగు తీసి అడుగు వేస్తే తొడ ఎముక పుటుక్కున విరుగుతుంది. అదే వ్యాసంలో రెక్కలున్న దేవదూతని కూడా వదల్లేదు. మనిషంత ఒళ్లు ఎగరాలంటే రెక్కలాడించే కండలకి చోటు కావాలి కాబట్టి, ఛాతీ నాలుగడుగులు ముందుకి పొడుచుకు రావాలనీ, బరువు తగ్గించుకోడానికి కాళ్లు పుల్లల్లా అయిపోవాలనీ చెప్పారు.

డ్రాగన్ రాసేవాళ్లందరూ ముందు చదవాల్సింది ఈ వ్యాసమే అని నా గట్టి నమ్మకం. మేమిద్దరం కూర్చుని ఆ లెక్కనే మా పిల్ల బొమ్మకి వేసి చూశాం. ఐదడుగుల ఉడుము ఐదు కిలోలు ఉందనుకుందాం. దాన్ని యాభై అడుగులకి సాగదీస్తే బరువు ఐదు టన్నులు. రెండు టన్నులన్నది అక్కడే పోయింది. ఇంక రెక్కలు. అన్నీ ఒకే పాళ్లలో పెంచితే రెక్క వైశాల్యం వంద రెట్లు, మోయాల్సిన బరువు వెయ్యి రెట్లు. అంటే చదరపు అడుగు రెక్క మీద పదింతల బరువు. అది గాలిలో నిలవాలంటే చిన్నదాని కంటే మూడింతలకి పైగా వేగంతో దూసుకుపోతూ ఉండాలి. నెమ్మదించిందా, పడిపోతుంది. యారాడ కొండ చుట్టూ తీరిగ్గా చక్కర్లు కొట్టడం దాని వల్ల కాదు.

నిజం జీవులు ఈ లెక్కని ఎంతవరకు లాగాయో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిమైదానాల్లో ఒకప్పుడు ఎక్కువగా కనిపించిన బట్టమేక పిట్ట, ప్రపంచంలో ఎగరగలిగే అతి బరువైన పక్షుల్లో ఒకటి. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎప్పుడో అంతరించిన ఎగిరే సరీసృపాల్లో క్వెట్జల్‌కోట్లస్ అనేది అన్నిటికన్నా పెద్దవాటిలో ఒకటి. దాని రెక్కల కొస నుంచి కొసకి పది మీటర్ల పైచిలుకు. అంత రెక్కలున్నా బరువు రెండు వందల నుంచి రెండు వందల యాభై కిలోలు ఉండొచ్చని శాస్త్రవేత్తల అంచనా. ఎముకలు బోలు, గోడలు పల్చన. నేల మీంచి లేవడానికి రెక్కల్నే ముందుకాళ్లుగా నేలకి తన్ని లేచేదని చాలామంది ఒప్పుకుంటున్నారు. జన్యువులతో డ్రాగన్ చేసే శాస్త్రవేత్త ఎవరైనా తెలివైనవాడైతే ఇక్కణ్ణుంచే మొదలుపెడతాడు.

పిల్ల మొహం చిన్నబోయింది. "అయితే డ్రాగన్ కుక్కంత ఉండాలా? కుక్కంతదాన్ని చూసి ఎవరు భయపడతారు అత్తా?"

హాల్డేన్ గారే దానికి ఒక జవాబు రాసి పెట్టారు. 1937లో పిల్లల కోసం 'మై ఫ్రెండ్ మిస్టర్ లీకీ' అనే పుస్తకం రాశారు. అందులో మాంత్రికుడి ఇంట్లో పాంపే అనే డ్రాగన్ ఉంటుంది. తోక కాకుండా అడుగు పొడుగు. పొయ్యిలో ఎర్రటి నిప్పుల మధ్య పడుకుంటుంది. బయటికి రాగానే తివాచీ కాలకుండా వెనక కాళ్లకి రాతినార బూట్లు తొడుక్కుంటుంది. వంటకి సాయం చేస్తుంది. రాక్షసుడి తొడ ఎముక లెక్కగట్టిన మనిషి, తన వంతు వచ్చేసరికి డ్రాగన్‌ని అడుగు పొడుగే చేశారు. పైగా అంత చిన్న ఒళ్లు వేడిని చప్పున పోగొట్టుకుంటుంది కనక అది పొయ్యి వదిలి ఉండలేకపోవడం నాకు సబబుగానే తోస్తుంది. ఆ బూట్లలో ఉంది అసలు సంగతంతా. ఎర్రగా కాలుతున్న ఒళ్లు ఇంట్లో తిరిగితే ఏమవుతుందో ఆయన ఆలోచించారు. మంట వల్ల కలిగే ఇబ్బందిని ముందే చూసినవాడు వేసిన డ్రాగన్ అది. అందుకే నేను నమ్ముతాను.

ఇంకో దారి రచయిత్రి ఆన్ మెకాఫ్రీది. ఆమె కథల్లో పెర్న్ అనే గ్రహం మీద మనుషులు స్థిరపడతారు. ఆకాశం నుంచి రాలి కనిపించిన ప్రాణాన్నల్లా తినేసే దారాల్లాంటి జీవి ఒకటి వాళ్ల మీద పడుతుంది. దాన్ని గాలిలోనే కాల్చెయ్యాలి. యంత్రాలు ఎక్కువకాలం పనిచెయ్యవు. అప్పుడు కిట్టి పింగ్ అనే జన్యుశాస్త్రవేత్త, ఆ గ్రహం మీదే పుట్టిన చిన్న నిప్పుబల్లుల్ని తీసుకుని డ్రాగన్లని తయారు చేస్తుంది. ఈ పుట్టుపూర్వం 1988లో వచ్చిన 'డ్రాగన్స్‌డాన్' నవలలో ఉంది. ప్రయోగశాలలో పుట్టిన డ్రాగన్లకి ఇంతకన్నా పేరున్న ఉదాహరణ లేదు. నాకు అందులో నచ్చేవి రెండు. ఒకటి, నాలుగు కాళ్లకి తోడు రెండు రెక్కలు కావాలని రచయిత్రి మొండికెయ్యలేదు. ఆ గ్రహం మీది జంతువులకే ఆరు అవయవాలని ముందే స్థిరపరిచారు. రెండోది ఇంకా గొప్పది. డ్రాగన్లు ఒక రకం రాయి నమిలితే కడుపులో ఫాస్ఫీన్ పుట్టి నోట్లోంచి మంటగా వస్తుంది. అయితే ఆ రాయి నమిలే ఆకుపచ్చ ఆడ డ్రాగన్లు గొడ్డుపోతాయి. గుడ్లు పెట్టాల్సిన బంగారు రంగు రాణుల్ని ఆ రాయి ముట్టనివ్వరు. నిప్పు కావాలా పిల్లలు కావాలా అని ఆ ఒళ్లు లోపలే తేల్చుకోవాల్సి వస్తుంది. కథంతా ఆ ఒక్క శరీర లక్షణంలో ఇమిడిపోయింది.

మన భూమ్మీది జంతువుకి ఆరు అవయవాలు కుదరవనేసరికి మా పిల్ల గట్టిగా వాదించింది. సింహాచలం అప్పన్న మాటేమిటంది. నిజమే, మనకి దగ్గర్లోనే ఉంది ఆ రూపం. ఏడాదంతా చందనం కింద ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రం కనిపించే నిజరూపంలో వరాహ ముఖం, మనిషి దేహం, సింహం తోక. ఒడిశా వైపు సారళా దాసు మహాభారతంలో నవగుంజర ఉంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, పాము తోక, ఇలా తొమ్మిది జీవులు కలిసిన రూపం అర్జునుడికి కనిపిస్తుంది. ఈ రూపాల్ని నేను చేతులు జోడించి చూస్తాను. అక్కడ ప్రతి అవయవమూ ఒక అర్థం చెబుతుంది. దేవుడి ఒంటికి జీర్ణక్రియ లెక్కలు ఎవరూ అడగరు, అడగకూడదు. ప్రయోగశాల నుంచి వచ్చిన ఒంటి సంగతి వేరు. వెన్నెముకున్న జంతువుల్లో కాళ్లు ఎక్కడ మొలవాలో, ఎన్ని మొలవాలో చెప్పే జన్యువుల అమరిక కోట్ల ఏళ్లుగా నాలుగు అవయవాల దగ్గరే నిలిచిపోయింది. పక్షి రెక్కా, గబ్బిలం రెక్కా ముందుకాళ్లు మారినవే. మరో జత మొలవాలంటే భుజం ఎముక, కండ, నరం, రక్తనాళం, వాటిని కదిలించే మెదడు భాగం, అన్నీ కొత్తగా కావాలి. ఏదో ఒక జన్యువుని అతికిస్తే వచ్చేది కాదు.

తీసెయ్యడం మాత్రం తేలిక. కొండచిలువని దగ్గరగా చూసినవాళ్లకి తెలుస్తుంది, తోక మొదలయ్యేచోట అటొకటి ఇటొకటి చిన్న గోళ్లు ఉంటాయి. వెనక కాళ్లు ఉండేవన్నదానికి మిగిలిన ఆనవాళ్లవి. 2016లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవాళ్లు కాళ్ల పెరుగుదలని నడిపించే ఒక డీఎన్‌ఏ ముక్కని పాముల నుంచి తీసి, ఎలుకల్లో అదే ముక్క స్థానంలో పెట్టారు. ఎలుకలకి కాళ్లు మొండిగా ఆగిపోయాయి. పాముల ముక్కలో పోయిన పదిహేడు అక్షరాల్ని తిరిగి చేర్చి పెడితే కాళ్లు మామూలుగా పెరిగాయి. పదిహేడు అక్షరాలు! మా పిల్ల ఈ సంగతి విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ముందుకాళ్లు రెండూ రబ్బరుతో చెరిపేసి, రెక్కల్ని భుజాలకి దించింది. బొమ్మ ఒక్కసారిగా ప్రాణం ఉన్నదానిలా కనిపించింది.

పొలుసుల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. వెంట్రుక, ఈక, పొలుసు మూడూ పిండం చర్మంలో ఒకే రకం మొలక నుంచి వస్తాయని ఇప్పుడు తెలిసింది. కోడికాలు చేతిలోకి తీసుకుని చూస్తే పైన ఈకలు, కింద పొలుసులు, చివర్న గోళ్లు. రెండు మూడు అంగుళాల మేర ఆ హద్దు కనిపిస్తుంది. రంగు రచయిత ఇష్టం.

నిప్పు అలా కాదు. నిప్పు గురించి మల్కాపురంలో ఉన్నవాళ్లకి పుస్తకం అక్కర్లేదు. 1957లో కాల్టెక్స్ ఇక్కడ రిఫైనరీ మొదలుపెట్టింది, 1978లో అది హిందూస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఫ్లేర్ గొట్టం కొసన మంట మా డాబా మీంచి కనిపిస్తుంది. కొన్ని రాత్రులు అది మూరెడు ఉంటుంది. కొన్ని రాత్రులు ఒక్కసారి లేచి, సముద్రపు గాలికి పక్కకి వాలి, చుట్టుపక్కల మబ్బులన్నిటికీ నారింజరంగు పూస్తుంది. ఒక్కోసారి నల్లటి పొగ వస్తుంది, మళ్లీ మంట తేటపడుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాక నాకు దాని మీద గౌరవం పెరిగింది.

యూనిట్లలో ఒత్తిడి మితిమీరితే సేఫ్టీ వాల్వులు తెరుచుకుని గ్యాసుని ఆ గొట్టం వైపు వదులుతాయి. దారిలో నాకౌట్ డ్రమ్ము అని ఒక పెద్ద పీపా ఉంటుంది. గ్యాసుతో కొట్టుకొచ్చిన ద్రవాన్ని అది అడ్డుకుంటుంది. లేకపోతే కొస నుంచి నిప్పు చినుకుల్లా రాలుతుంది. ఆ తర్వాత వాటర్ సీల్. గ్యాసు నీళ్లని తోసుకుని ముందుకి పోగలదు, మంట మాత్రం ఆ నీళ్లు దాటి వెనక్కి రాలేదు. కొసన పైలట్ బర్నరు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, గ్యాసు ఎప్పుడొచ్చినా అంటుకోవాలి కనక. మంటలోకి ఆవిరి కొడితే గాలి బాగా కలిసి పొగ తగ్గుతుంది. ఇంత ఎత్తున ఎందుకంటే, ఆ వేడి కింద ఉన్నవాళ్లకి తగలకూడదు.

నిప్పు కక్కే జంతువుకి ఏమేం కావాలో ఇక్కడే ఉంది. మండేది దాచుకునే సంచి, ద్రవాన్ని ఆపే గది, మంటని వెనక్కి రానివ్వని తడి మూత, అంటించే నిప్పురవ్వ, మంటకీ మొహానికీ మధ్య దూరం. వీటిలో డ్రాగన్ కథలన్నీ మర్చిపోయేది ఆ తడి మూత. ప్రకృతి మర్చిపోలేదు. బాంబార్డియర్ అనే పురుగు పొట్ట చివర రెండు గదులుంటాయి. ఒకదాంట్లో హైడ్రోజన్ పెరాక్సైడూ హైడ్రోక్వినోనూ నిలవుంటాయి. రెండో గది గట్టి గోడలది, అందులో ఎంజైములు. మధ్యలో కవాటం. శత్రువు పట్టుకోగానే కవాటం తెరుచుకుని, రెండూ కలిసి, దాదాపు నూరు డిగ్రీల వేడితో మంటపుట్టించే ద్రవం చిమ్ముతుంది. అదీ ఏకధారగా కాదు, సెకనుకి వందలసార్లు ఆగి ఆగి. ప్రతి పేలుడూ కవాటాన్ని మూసేస్తుంది, ఒత్తిడి తగ్గగానే అది మళ్లీ తెరుచుకుంటుంది. పురుగు లోపల ఉడికిపోకుండా ఉండేది అందుకే.

మూత లేకపోతే ఏమవుతుందో ఈ ఊరికి తెలుసు. 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున ఈ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై అంటుకుంది. యాభైమందికి పైగా ప్రాణాలు పోయాయి. ట్యాంకులు కాలాయి. మల్కాపురం, శ్రీహరిపురం వైపు జనం పిల్లల్ని ఎత్తుకుని ఊరు వదిలి పరుగెత్తారు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, నేలని పట్టుకుని పాకుతుంది, పల్లానికి చేరుతుంది, ఎక్కడో ఒక నిప్పురవ్వ దొరికేదాకా కాచుకుంటుంది. ఈ ఒక్క గుణం తెలిసినవాడు డ్రాగన్ పొట్టలో ఏ గ్యాసు పెట్టాలో ఆషామాషీగా రాయలేడు.

అందుకే మా పిల్లని ఒకటే అడిగాను. హార్బరు కాపలాకి పుట్టించిన జంతువుకి నిప్పెందుకు? చుట్టూ చమురు ట్యాంకులు, ఓడల్లోంచి దిగే గ్యాసు, ఎరువుల కంపెనీ, నేవీ. ఈ ఊరు తెలిసిన శాస్త్రవేత్త ఎవరైనా అన్నిటికన్నా ముందు ఆ జంతువు నిప్పు కక్కకుండా చూసుకుంటాడు కదా?

ఈ ప్రశ్నతో నవల మొత్తం మారిపోయింది. ఏ పని కోసం పుట్టించారో ఒళ్లు ఆ పనినే చెప్పాలన్నది నా పట్టుదల. మనం ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాం, జన్యువులు చదవడం రాకముందు నుంచీ. గోదావరి జిల్లాల్లో పందెం కోడి ఉంది. అసీలు జాతి. పొడుగు మెడ, బిగిసిన తొడ, ఒంటికి అంటుకున్న ఈకలు. డేగ, కాకి, నెమలి, పింగళ అని రంగుల్ని బట్టి పేర్లు. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం ఒకటి. తరతరాలుగా ఓర్పుని, పగని ఎంచి ఎంచి ఆ ఒంట్లోకి దించాం. ఆ పక్కనే బ్రాయిలర్ కోడి. నలభై రోజుల్లో రెండు కిలోలు దాటాలి, ఆ బరువులో రొమ్ము కండే ఎక్కువ ఉండాలి. హాల్డేన్ గారి దేవదూతకి ఎగరడానికి కావాల్సిన రొమ్ము, ఎగరని కోడికి మనం ఇచ్చాం. ఆ బరువుకి కాళ్లు ఓర్చుకోలేక కుంటే కోళ్లెన్నో. ఎండాకాలం మన కోస్తాలో షెడ్లలో అవి రొప్పే తీరు చూసినవాళ్లకి తెలుసు. ఇజ్రాయెల్‌లో వేడి దేశాల కోసమని ఈకల్లేని కోళ్లని పెంచారు. 2002లో ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. వేడి బాధ తప్పింది గానీ ఎండ నుంచీ దోమల నుంచీ చర్మానికి ఉన్న అడ్డు పోయింది. కోడికి ఏ లక్షణం ఉండాలో నిర్ణయించినవాళ్లెవరూ ఆ ఒంట్లో ఒక్కరోజు బతకరు. డ్రాగన్ కథకి గుండెకాయ ఇక్కడ ఉందని నేను అనుకుంటాను, రెక్కల్లో కాదు.

గుడ్డు గురించి కూడా ఆమెకి ఒక మాట చెప్పాను. చలికాలం చివర్లో మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. పిల్ల ఆడా మగా అన్నది ఇసక వేడే నిర్ణయిస్తుంది. వేడెక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ. డ్రాగన్ గుడ్లకీ అదే పద్ధతి పెడితే, ఎండలు ముదిరిన కొద్దీ మగవి పుట్టడం ఆగిపోతుంది, శాస్త్రవేత్తలకి పదేళ్ల తర్వాత గానీ తెలియదు. వెంటనే రాసుకుంది.

నిప్పు సంగతి తేల్చుకోడానికి మాత్రం ఎక్కువ రోజులు పట్టింది. అమెజాన్ అడవుల్లో హోయట్జిన్ అనే పక్షి ఉంది. దాని పిల్లలకి రెక్కల మీద గోళ్లుంటాయి. పెద్దది ఆకులే తింటుంది. వాటిని ఆవులాగా లోపల పులియబెట్టి అరిగించుకుంటుంది. ఆ పులిసే సంచి ఛాతీలో చోటంతా ఆక్రమించడంతో ఎగిరే కండలకి జాగా తక్కువై సరిగ్గా ఎగరలేదు. ఈ పక్షిని చూసి ఆమెకి దారి దొరికింది. ఆమె కథలో శాస్త్రవేత్తలు డ్రాగన్‌కి మాంసం పెట్టి పోషించలేక, సముద్రపు నాచు అరిగించుకునే పులిసే సంచి ఇస్తారు. ఖర్చు తగ్గించడానికి, అంతే. నాచు పులిస్తే మీథేన్ పుడుతుంది. రాత్రిపూట బురదనీళ్లలో దొంగపడవల్ని పసిగట్టడానికి, కొన్ని చేపలకున్నట్టు కరెంటు పుట్టించే కండరం దవడలో పెడతారు. రెండు లక్షణాలు, ఇద్దరు వేర్వేరు మనుషులు ఎంచినవి, రెండిటికీ మంచి కారణాలే. గాలిలో మీథేన్ ఐదు నుంచి పదిహేను శాతం మధ్య ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలిందా అంటుకుంటుంది. ఒకరోజు అది తేన్చిన వేళకి దవడలో రవ్వ పుడుతుంది.

నిప్పుని ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వలేదు కనక దానికి తడి మూత లేదు, గట్టి గోడల గది లేదు, మంటకి మొహానికి మధ్య దూరం లేదు. అది బెదిరిపోయి యారాడ వైపు సముద్రం మీదికి పారిపోతుందట. తొలిసారి మండినప్పుడు గొంతు కాలాలా వద్దా అని మా పిల్ల ఇంకా తటపటాయిస్తోంది. చదివేవాళ్లకి మరీ బాధగా ఉంటుందేమో అంటోంది. కాలాలనే నేనంటాను. మానడానికి ఎన్నాళ్లు పడుతుందో, ఆ రోజుల్లో అది ఏం మింగగలదో, ఆ ప్రయోగశాలలో దానికి మందు రాసేది ఎవరో, ఆ అధ్యాయం ముందు రాయమన్నాను.